ఇంటర్ లేని డిగ్రీతో ఎల్‌ఎల్‌బీ సీటు వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది తప్పి చదువు ఆపేశాడు. తర్వాత ఓపెన్ యూనివర్సిటీ అర్హత పరీక్ష రాసి, 52 శాతంతో బీఏ పూర్తి చేశాడు. ఇప్పుడు 24 ఏళ్లు. లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేస్తానంటున్నాడు. డిగ్రీ ఉంటే చాలని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా?
- ఒక తండ్రి, నల్గొండ

జవాబు: మీవాళ్లు చెప్పింది సగమే నిజం. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి డిగ్రీలో జనరల్‌కు 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. మార్కుల వరకు మీ అబ్బాయికి ఢోకా లేదు. చిక్కల్లా ఆ డిగ్రీ కింద ఇంటర్ లేకపోవడమే. లా చదువుకు నిబంధనలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం పది, ఇంటర్, డిగ్రీ వరసగా చదివి ఉండాలి. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో చేసిన డిగ్రీ ఎల్‌ఎల్‌బీకి పనికిరాదు. ఇంటర్ పాసై, డిగ్రీని దూరవిద్యలో చేసినవాళ్లకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి కంగారుపడుతుంటారు.

లాసెట్ రాయనిస్తారు, ర్యాంకు కూడా రావచ్చు. సర్టిఫికెట్ల పరిశీలనలో ఇంటర్ మెమో అడిగినప్పుడు ఏం చూపిస్తాడు? ఒకవేళ ఎవరో సర్ది సీటు ఇప్పించినా, చదువయ్యాక అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయ్యేటప్పుడు మళ్లీ ఆ కాగితాలన్నీ బయటికి తీయాల్సిందే. మూడేళ్ల ఫీజు కట్టాక తెలిసే కంటే ఇప్పుడే తెలియడం నయం. ‘మేం చూసుకుంటాం’ అనే మధ్యవర్తులకు రూపాయి కూడా ఇవ్వకండి.

నన్నడిగితే ముందు ఇంటర్ పూర్తి చేయించండి. తప్పిన పేపర్లు ఇప్పుడు రాసుకునే వీలుందేమో ఇంటర్ బోర్డులో కనుక్కోండి. లేదంటే తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. పది పాసయ్యాడు కాబట్టి అందులో చేసిన ఇంటర్‌కు అభ్యంతరం రాదు. తర్వాత ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీకి వెళ్లాలి. ఇంటర్ ఇప్పుడు పాసైపోయి, పాత బీఏతో మూడేళ్ల కోర్సులో చేరదామని అబ్బాయి అనవచ్చు. డిగ్రీ తర్వాత ఇంటర్ అనే ఆ తలకిందుల వరసను నమ్ముకుంటే మళ్లీ పేచీలే.

ఐదేళ్ల కోర్సుకు ఇంటర్ మార్కులే లెక్క, అవే శాతాలు. అందుకే 35తో గట్టెక్కితే సరిపోదని ముందే చెప్పండి. లాసెట్‌కు గరిష్ఠ వయసు అడ్డం లేదు. పరీక్ష 90 నిమిషాలు, 120 ప్రశ్నలు. అర్హతకు 42 మార్కులు రావాలి, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీసం కూడా లేదు. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. హైదరాబాద్‌లోని నల్సార్‌లాంటి జాతీయ లా యూనివర్సిటీలకు క్లాట్ అనే వేరే ప్రవేశ పరీక్ష రాయాలి. అది పూర్తిగా ఇంగ్లిష్‌లోనే, పోటీ కూడా వేరే స్థాయిలో ఉంటుంది.

ఇంటర్‌కు ఏడాది అనుకున్నా, కోర్సు పూర్తయ్యేసరికి అబ్బాయికి 30 దాటుతాయి. తర్వాత అడ్వకేట్‌గా ప్రాక్టీసు చేయాలంటే ఆల్ ఇండియా బార్ పరీక్ష రాయాలి. జూనియర్ సివిల్ జడ్జి కావాలన్న ఆలోచన ఉంటే మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి దాన్నీ కలుపుకోండి. ఈ లెక్కంతా అబ్బాయిని కూర్చోబెట్టి చెప్పండి. అయినా లా మీదే మనసుంటే, ఈసారి ఓపెన్ స్కూల్ అడ్మిషన్ నోటిఫికేషన్ తేదీ దాటిపోకుండా చూసుకోండి.