అటిక్‌లో చప్పుడా? కన్నం మూసేముందు ఆగండి

అమెరికాలో కొత్తగా ఇల్లు కొనుక్కున్నవాళ్లు ఎండాకాలం ముందు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "రాత్రిళ్లు అటిక్‌లో ఏదో తిరుగుతోందండీ, ఎవరిని పిలవాలి?" అటిక్ అంటే ఇంటి పైకప్పు కింద ఉండే ఖాళీ చోటు.

ముందు చప్పుడు ఎప్పుడొస్తోందో రెండు రోజులు గమనించండి. పగటిపూట అయితే చాలావరకు ఉడుతలు. రాత్రి సన్నగా గీకినట్టుంటే ఎలుకలు, మనిషి నడిచినంత బరువుగా ఉంటే రకూన్ (కళ్ల చుట్టూ నల్ల పట్టీ ఉండే, పిల్లి కంటే పెద్ద అడవి జంతువు) అయ్యుండొచ్చు.

అద్దె ఇల్లయితే లీజింగ్ ఆఫీసుకో, ఓనరుకో ఈమెయిల్ పెట్టండి. సొంతిల్లయితే చాలామంది యానిమల్ కంట్రోల్‌కి (జంతువుల ఫిర్యాదులు చూసే స్థానిక ప్రభుత్వ విభాగానికి) ఫోన్ చేసి నిరాశపడతారు. జబ్బుపడ్డ జంతువో, మనిషిని కరిచినదో అయితే వాళ్లు వస్తారు కానీ, అటిక్‌లో కాపురం పెట్టినదాన్ని చాలా ఊళ్లలో పట్టరు. ఆ పనికి లైసెన్సున్న వైల్డ్‌లైఫ్ కంట్రోల్ వాళ్లు వేరే ఉంటారు. మీ స్టేట్ వైల్డ్‌లైఫ్ శాఖను అడిగితే ఎవరిని పిలవాలో చెబుతారు.

మా ఇంట్లో రకూన్ దూరినప్పుడు నేను ఇదంతా కనుక్కోలేదు. కంగారులో ముందు దొరికిన కంపెనీని పిలిచాను. వాళ్లు బోను పెట్టి దాన్ని పట్టుకెళ్లారు, కన్నం మూసేశారు. మర్నాడు రాత్రి గోడలోంచి సన్నటి ఏడుపు. లోపల పిల్లలున్నాయి. గోడ కోయించి మూడింటిని బయటికి తీసి, అడవి జంతువుల పిల్లల్ని సాకే రిహాబిలిటేటర్‌కి అప్పగించాం. తల్లిని పోగొట్టుకున్న ఆ పిల్లల్ని తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. అందుకే చెబుతున్నాను, ఎవరిని పిలిచినా ముందు "పిల్లలున్నాయేమో చూస్తారా?" అని అడగండి. పిల్లలు తిరగగలిగే వయసు వచ్చాక, బయటికి మాత్రమే తెరుచుకునే తలుపు పెడితే అన్నీ వెళ్లిపోతాయి. గబ్బిలాల విషయంలోనూ అంతే. ఎండాకాలంలో పిల్లలకు ఎగరడం రాదు కాబట్టి, ఆ నెలల్లో వాటిని బయటికి పంపడాన్ని చాలా స్టేట్లు ఒప్పుకోవు.

గబ్బిలం అంటే గుర్తొచ్చింది, ఇది మాత్రం దయచేసి మర్చిపోకండి. మీరో, పసిపిల్లలో నిద్రపోతున్న గదిలో గబ్బిలం కనిపిస్తే కిటికీ తీసి వదిలేయొద్దు. దాని కాటు ఎంత చిన్నదంటే కంటికి కనపడకపోవచ్చు, దాన్నుంచి రేబిస్ సోకి లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం. గది తలుపు మూసి, వెంటనే హెల్త్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేయండి. గబ్బిలం దొరికితే పరీక్ష చేస్తారు, అవసరమైతే టీకాలు వేస్తారు. వట్టి చేతులతో మాత్రం ముట్టుకోవద్దు.

మీరే బోను కొని, పట్టినదాన్ని పార్కులో వదిలి రావాలనుకోకండి, చాలా స్టేట్లలో అది నేరం. అటిక్‌లో నాఫ్తలీన్ ఉండలు చల్లడమూ తప్పే. లేబుల్ మీద రాయని పద్ధతిలో వాడటాన్ని చట్టం ఒప్పుకోదు, పైగా ఆ ఆవిరి ఇంట్లోకే వస్తుంది. రకూన్ మలాన్ని కూడా చీపురుతో ఊడవకండి. అందులో ఉండే ఒక రకం పురుగు గుడ్లు మనుషులకు ప్రమాదం.

అన్నీ వెళ్లిపోయాయని రూఢి అయ్యాకే కన్నాలు మూయించండి. ఫోమ్ ఒక్కటే నింపితే ఎలుకలు కొరికేస్తాయి, గట్టి ఇనుప జాలీ వేయించండి. చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు.