స్పూల్ ఏది, బాబిన్ ఏది?

సందేహం: కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొన్నాను. మధ్యలో ఆగిపోయి స్క్రీన్ మీద ఇంగ్లిష్‌లో ఏదో వస్తుంది. ఫోన్‌తో అనువాదం చూస్తే ప్రతిసారీ ‘దారపు కండె’ అంటోంది. పై రీలు మార్చినా మళ్లీ ఆగుతోంది. డిజైన్లిచ్చే కుర్రాడు యాంటీవైరస్, అప్‌డేట్లు ఆపి సాఫ్ట్‌వేర్ ఫ్రీగా వేసిచ్చాడు. దానివల్లేనా?
- ఒక టైలర్, ప్రొద్దుటూరు

మిషన్‌కేం కాలేదమ్మా, తప్పు అనువాదానిది. స్పూల్ అంటే మీరు పైన తగిలించే రీలు. బాబిన్ అంటే సూది కింద, కేసులో కూర్చునే చిన్న చక్రం. నేతగాళ్ల కండెను తెచ్చి యాప్ రెండింటికీ అంటగట్టింది. ఆదోని నుంచీ, అనంతపురం నుంచీ ఇదే గోడు.

స్క్రీన్‌పై బాబిన్ అని ఉంటే పై రీలు జోలికి పోకండి, కింది దారం చూడండి. పై దారం బాబిన్‌ను చుట్టొచ్చి కింది దారంతో మెలిక పడితేనే కుట్టు. కింది దారం అయిపోతే సూది ఊరికే ఆడుతుంది. కొత్త బాబిన్ వేశాక బ్లౌజు చెయ్యి తిరగేయండి. పువ్వు రేకు వెనక నడిమధ్యన మూడో వంతు బాబిన్‌లోని తెల్ల దారం, అటూ ఇటూ పై రంగు దారం కనబడితే టెన్షన్ సరిపోయినట్టే (దారం బిగువు, మీ టెన్షన్ కాదు). అంత ఖరీదైన మిషన్‌కు ఆ రెండింటి బొమ్మలు చూపించడానికి ఏం రోగం?

నాకు భయమేసింది మాత్రం ఆ ‘ఫ్రీగా’ దగ్గర. స్పూల్ మీ కంప్యూటర్‌లోనూ ఉంది. ప్రింటింగ్‌కు పంపిన కాగితాలను వరసలో నిలబెట్టే ప్రోగ్రామ్ పేరు ప్రింట్ స్పూలర్. ప్రింటర్ లేని కంప్యూటర్లలోనూ అది మామూలుగా నడుస్తూనే ఉంటుంది. 2021 జూలైలో అందులో ‘ప్రింట్‌నైట్‌మేర్’ అనే లోపం బయటపడింది. దాంట్లోంచి దూరినవాడి చేతికి కంప్యూటర్ మొత్తం చిక్కుతుంది. హడావుడిగా అప్‌డేట్ ఇచ్చి దాన్ని పూడ్చారు. మీ కుర్రాడు ఆపేసింది అలాంటి అప్‌డేట్లనే! పైగా యాంటీవైరస్ ఉంటే పనిచేయని సాఫ్ట్‌వేర్‌ను ఏం చూసి నమ్మారు?

డిజైన్లు దాచుకుని, విండోస్ మళ్లీ కొత్తగా వేయించండి. అప్పటిదాకా అందులో బ్యాంకు పనులు వద్దు. డీఎస్‌టీ డిజైన్ ఫైల్లో ఉండేది సూది ఎటు కదలాలి, ఎక్కడ ఆగాలి అన్న లెక్కే, చివరికి రంగులు కూడా ఉండవు. వాటి మధ్య ఈఎక్స్‌ఈ (తెరిస్తే నడిచే ప్రోగ్రామ్) అని ఏదైనా కనబడితే తెరవకుండా ఆ కుర్రాడి పెన్‌డ్రైవ్ తిరిగిచ్చేయండి.