కొత్త స్లైడ్ బిగించిన మేనల్లుడికి

చిరంజీవి కార్తీక్‌కి,

ఆశీస్సులు. షూటింగ్ రేంజ్ నుంచి నువ్వు పంపిన వీడియో చూశాను. నీ పిస్టల్‌కి బిగించిన కొత్త స్లైడ్, అదే తుపాకి పైన ముందుకూ వెనక్కీ కదిలే ఉక్కు భాగం, చూడ్డానికి బాగుంది, కాదనను. పక్కన కిటికీలు కోసి, వాటిలోంచి బంగారు రంగు బారెల్ కనిపిస్తుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ మూడో రౌండుకే పేలిన తూటా ఖాళీ కేసు బయటికి పోకుండా నిలువుగా ఇరుక్కుంది. ఆ తర్వాత స్లైడ్ పూర్తిగా మూసుకోకపోతే నువ్వు వెనక నుంచి అరచేత్తో కొట్టి మూశావు. అది చూశాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగం ఆఫీసు కాల్ వచ్చిందని వదిలేస్తావు.

ముందు ఒక పని చెయ్. ఇంటి రక్షణకని కొన్న తుపాకి అది. దానికి ఈ రాత్రే పాత స్లైడ్ తిరిగి ఎక్కించు. కొత్తది రేంజ్ బ్యాగులో ఉండనీ. అది నమ్మదగిందని తేలేదాకా లాకర్లోకి పోకూడదు. లాకర్ అన్నాను కాబట్టి ఇంకో మాట: 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి అందేలా లోడైన తుపాకి ఉంచితే టెక్సాస్‌లో నేరం. మీ బుడ్డోడికి ఇప్పుడు సొరుగులు లాగడం వచ్చిందని మీ అత్తయ్య చెప్పింది.

ఇక అసలు సంగతి. కంపెనీ మంచిది కాదేమో, వేరే కంపెనీ స్లైడ్ కొంటే సరిపోతుందేమో అని అడిగావు. నీ దగ్గరున్నది గ్లాక్ 19, మూడో తరం. ఆ డిజైన్ పేటెంట్లు ముగిసిపోయాయి కాబట్టి బజారులో దొరికే స్లైడ్లలో ఎక్కువ భాగం దాని కొలతలకే చేస్తారు. అయితే గ్లాక్ వాళ్ల డ్రాయింగులు బయట తయారీదారుల చేతికి రావు. అసలు స్లైడ్ నాలుగైదు కొని, కొలిచి, అందులోంచి సొంత డ్రాయింగు గీసుకుంటారు. ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించినట్టే అది. కొలత వస్తుంది గానీ ఎక్కడ ఎంత వదులు ఉండొచ్చు, ఎక్కడ వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదు అన్నది రాదు. బాలానగర్ టూల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్‌లో మాకు మొదట నూరిపోసింది అదే. డ్రాయింగులో కొలత కన్నా దాని పక్కన రాసే ప్లస్, మైనస్ ముఖ్యం. శాంపిల్‌ని ఎంతసేపు కొలిచినా ఆ ప్లస్, మైనస్ దాని మీద కనపడదు.

ఇప్పుడు నీ తుపాకి సంగతి చూడు. స్లైడ్ ఒకరిది, బారెల్ ఇంకొకరిది, లోపలి చిన్న భాగాల కిట్ మూడో వాళ్లది, స్లైడ్‌ని ముందుకు తోసే స్ప్రింగ్ నాలుగో వాళ్లది. విడివిడిగా ఏదీ తప్పు కాకపోవచ్చు. స్లైడ్‌లో బారెల్ కూర్చునే చోటు కాస్త బిగువు వైపుకి, బారెల్ కాస్త లావు వైపుకి, స్ప్రింగ్ కాస్త మెత్తన వైపుకి వెళ్లిందనుకో, మూడూ కలిసి స్లైడ్ చివరి రెండు మిల్లీమీటర్లు మూసుకోకుండా ఆగిపోతుంది. అప్పుడు నువ్వు ఏ కంపెనీకి ఫోన్ చేసినా మా భాగం కరెక్టే అంటారు. వాళ్ల మటుకు అది నిజమే కూడా.

రంగు పూత సంగతి ఎవరూ పట్టించుకోరు. గ్లాక్ వాళ్లు స్లైడ్ ఉక్కునే నైట్రైడింగ్‌తో, అంటే పైపొరలోకి నైట్రోజన్ ఎక్కించి, గట్టిపరుస్తారు, దానివల్ల కొలత పెద్దగా మారదు. సెరాకోట్ లాంటి పూత అలా కాదు. అది పైన పేరుకునే పొర, సుమారు 25 మైక్రాన్ల మందం ఉంటుంది. బయటివైపు ఉంటే ఇబ్బంది లేదు. స్లైడ్ జారే పట్టాల గాడుల్లోకో, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసుని పట్టి లాగే కొక్కెం) కదిలే గూటిలోకో, బారెల్ హుడ్ (బారెల్ వెనక పైభాగం) కూర్చునే చోటికో వెళ్తే అదే జామ్‌కి కారణమవుతుంది.

కిటికీల వల్ల కూడా చిక్కుంది. స్లైడ్ బరువు, స్ప్రింగ్ బలం, తూటా శక్తి, ఈ మూడూ ఒకదాన్నొకటి చూసుకుని నడవాలి. కిటికీలు కోస్తే స్లైడ్ తేలికై వేగంగా వెనక్కెళ్లి వేగంగా తిరిగొస్తుంది. మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి తూటాను పైకి తెచ్చే లోపే స్లైడ్ దాటిపోవచ్చు. గురికి ఎర్ర చుక్క చూపించే రెడ్ డాట్ పైన పెడితే మళ్లీ బరువు పెరుగుతుంది, ఆర్ఎంఆర్ అనే మోడల్ సైజుది సుమారు 34 గ్రాములు. అందుకే కిటికీలతో, డాట్‌తో, 115 గ్రెయిన్ల మొన బరువున్న చవక తూటాలతో నడిచే తుపాకి, వాటిలో ఒక్కటి మారగానే మొరాయించొచ్చు. బరువు తగ్గితే గురి కుదురుతుందంటారు. పోటీల్లో కాల్చేవాళ్లకి ఆ తేడా తెలుస్తుందేమో గానీ, నీకూ నాకూ తెలియదు.

నీ వీడియోలోని రెండు గొడవలకూ కారణం ఒకటే కానక్కర్లేదు. ఖాళీ కేసు నిలువుగా ఇరుక్కోవడం ఎక్స్‌ట్రాక్టర్ వైపు సమస్య కావచ్చు, తూటా బలం చాలకపోవడం కావచ్చు, నీ మణికట్టు వదులుగా ఉండటం కావచ్చు. మూడోదాన్ని తేల్చుకోవడం సులభం. అదే పెట్టెలోని తూటాలతో పాత స్లైడ్ మీద యాభై కాల్చు. ఒక్కటీ ఇరుక్కోకపోతే తప్పు నీ చేతిది కాదు, తూటాదీ కాదు.

ఎక్స్‌ట్రాక్టర్ అయితే ముందు డాట్ స్క్రూలు చూడు. ఇది చాలామందికి తట్టదు. కుడివైపు స్క్రూ రంధ్రం కింద ఎక్స్‌ట్రాక్టర్‌ని నొక్కి పట్టే ప్లంజర్ (స్ప్రింగుతో కదిలే చిన్న కడ్డీ) ఉండే గొట్టం ఉంటుంది. స్క్రూ కొంచెం పొడవైనా ఆ గొట్టంలోకి పొడుచుకొచ్చి ప్లంజర్‌ని ఆపేస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ పట్టు పోతుంది, కేసులు ఎటుబడితే అటు పడతాయి, నీ నుదుటికి కూడా తగులుతాయి. డాట్ విప్పేసి కాలిస్తే సజావుగా నడిచిందంటే దొంగ దొరికినట్టే. డాట్ కంపెనీ, స్లైడ్ కంపెనీ చెప్పిన పొడవు స్క్రూలే వాడు. హార్డ్‌వేర్ షాపులో మరలు కుదిరిన స్క్రూ తెచ్చి బిగించకు. అది సరిగ్గా ఉంటే అప్పుడు ఎక్స్‌ట్రాక్టర్‌నీ, దాని వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ బేరింగ్‌నీ చూడాలి. చాంబర్‌లో, అంటే బారెల్ వెనక తూటా కూర్చునే చోట, తూటా ఉందని సూచించే రకం ఎక్స్‌ట్రాక్టర్‌కీ, సూచించని రకానికీ ఆ బేరింగ్ వేరు. కిట్లలో ఇవి తారుమారు కావడం మామూలే.

స్లైడ్ మూసుకోకపోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. మ్యాగజైన్ తీసెయ్, చాంబర్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూడు, తూటాలు వేరే గదిలో పెట్టు. బారెల్ మొనని సురక్షితమైన దిక్కున 45 డిగ్రీలు పైకెత్తి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే స్లైడ్‌ని పూర్తిగా వెనక్కి లాగు. దాన్ని చేత్తో పట్టి మెల్లగా ముందుకు వదులు. స్ప్రింగ్ దానంతట అదే స్లైడ్‌ని పూర్తిగా మూయాలి. మధ్యలో ఆగితే స్ప్రింగ్ మెత్తనైనా అయి ఉండాలి, ఏదో రాసుకుంటూనైనా ఉండాలి. బారెల్ మార్చి పాతది పెట్టి మళ్లీ చూడు. అప్పుడూ ఆగితే స్లైడ్ పట్టాలో, స్ప్రింగో. పాత స్ప్రింగ్ పెట్టి మళ్లీ చూడు. ఒకసారి ఒకటే మార్చాలి. నీ దగ్గర బాగా నడిచే పాత స్లైడ్ మొత్తం ఉంది, అదే నీ కొలబద్ద. దాన్ని అమ్మేసి ఆ డబ్బు ఇందులో పెడతానన్నావట, ఆ ఆలోచన మానుకో.

ఇంకోటి రాబోతుందని నా అనుమానం: ట్రిగ్గర్ నొక్కితే క్లిక్‌మని తూటా పేలకపోవడం. కిట్లో తేలిక స్ట్రైకర్ స్ప్రింగ్ ఇచ్చారని రాశావు. స్ట్రైకర్ అంటే తూటా అడుగున పొడిచి పేల్చే సూది. ఫ్యాక్టరీది 5.5 పౌండ్లు. తేలికది పెడితే ట్రిగ్గర్ మెత్తగా ఉంటుంది, గట్టి ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే బిళ్ల) ఉన్న తూటా పేలకపోవచ్చు. ఫ్యాక్టరీ స్ప్రింగే పెట్టు. స్ట్రైకర్ గొట్టం లోపల ప్లాస్టిక్ లైనర్ చివరిదాకా కూర్చుందో లేదో చూడు. ఆ గొట్టంలో నూనె వెయ్యకూడదు. కొత్త స్లైడ్లలో మెషీన్ నూనె, లోహపు పొట్టు మిగిలిపోతాయి, కాబట్టి శుభ్రంగా తుడిచి ఎండబెట్టు. రేంజ్‌లో క్లిక్‌మంటే తుపాకిని టార్గెట్ వైపే పట్టుకుని ముప్పై సెకన్లు ఆగు, ఆ తర్వాతే తియ్యి. పుస్‌మని బలహీనంగా పేలితే మాత్రం ఇంకో రౌండు కాల్చవద్దు. తూటా బారెల్‌లోనే ఉండిపోయి ఉండొచ్చు.

జామ్ కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది సేఫ్టీ ప్లంజర్. తుపాకి చెయ్యిజారి కింద పడినా పేలకుండా ఆపేది అదే. స్లైడ్ విడదీశాక స్ట్రైకర్ కాలిని (కిందికి పొడుచుకొచ్చే వెనక కొసని) వెనక్కి లాగి, మెల్లగా వదిలి ప్లంజర్‌కి ఆనించు. బొటనవేలితో ముందుకు నెట్టు. స్ట్రైకర్ మొన బ్రీచ్ ముఖంలోంచి, అంటే తూటా అడుగు ఆనే చోటు నుంచి, బయటికి రాకూడదు. ప్లంజర్ నొక్కినప్పుడే రావాలి. నొక్కకుండానే వచ్చిందంటే ఆ స్లైడ్‌తో ఒక్క రౌండు కూడా కాల్చకు, వెనక్కి పంపించెయ్. అలాగే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గర ఒకసారి గో, నో గో గేజ్‌లనే కొలత బిళ్లలతో హెడ్‌స్పేస్, అంటే చాంబర్‌లో తూటాకి ఉన్న చోటు సరిపోయిందో లేదో, చూపించు. పెద్ద ఖర్చేం కాదు. యూట్యూబ్ చూసి డ్రెమెల్ లాంటి చేతి గ్రైండర్‌తో పాలిష్ చేయడం మాత్రం వద్దు. తీసిన లోహాన్ని తిరిగి అతికించలేం.

కొన్నిటికి కొంచెం నడిస్తే సర్దుకునే గుణం ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. రెండొందల నుంచి ఐదొందల రౌండ్లు కాల్చమంటారు. అందులో నిజం ఉంది, బిగువైన పట్టాలు అరిగి నునుపవుతాయి. కానీ తప్పుచోట కోసిన గూడు ఎన్ని రౌండ్లు కాల్చినా కదిలి సరైన చోటికి రాదు. ఐదొందల తర్వాత కూడా అదే జామ్ వస్తుంటే వారంటీ వాడుకో. నేనైతే అంతా సరిచేశాక ఒక్క జామ్ కూడా లేకుండా రెండొందల మామూలు రౌండ్లు, ఆపైన ఇంట్లో పెట్టుకునే హాలో పాయింట్ (మొన బోలుగా ఉండే) తూటాలు కనీసం యాభై నడిచాకే నమ్ముతాను. మధ్యలో ఒక్కటి ఇరుక్కున్నా లెక్క మళ్లీ మొదటికే. ఆ తూటాల ఖరీదు కలిపితే స్లైడ్ ధరని మించిపోయినా ఆశ్చర్యం లేదు.

నీకు అసలు కావలసింది రెడ్ డాటే అయితే ఇదంతా అవసరం లేదు. నీ ఫ్యాక్టరీ స్లైడ్‌నే మంచి మెషీన్ షాపుకి పంపి పైన డాట్‌కి గాడి కోయించుకో. బ్రీచ్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ గూడు, పట్టాలు అన్నీ పాతవే ఉంటాయి. గ్లాక్ వారంటీ మాట మర్చిపోవాలంతే. లేదా గాడి కోసే అమ్మే ఎంఓఎస్ మోడల్ వేరేగా కొనుక్కో, 2015 నుంచి ఉంది. కిటికీల స్లైడ్ సరదాకి ఉండనీ. శనివారాల్లో కాగితం మీద కాల్చుకోవడానికి మధ్యలో జామ్ అయితే కొంపలేం మునగవు, జామ్ తీయడం ప్రాక్టీస్ అవుతుంది కూడా.

మీ ఫ్రెండ్ సంగతి అడిగావు. అతనిది ఇంకా హెచ్-1బి అన్నావు కదా. నీకు గ్రీన్‌కార్డు ఉంది, నీ లెక్క వేరు. హెచ్-1బి లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీదున్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్లైడ్ మాత్రం చట్టం లెక్కలో తుపాకి కాదు, సీరియల్ నంబరున్న ఫ్రేమే తుపాకి. అందుకే అది ఇంటికే పోస్టులో వస్తుంది. అది చూసి మిగతాదీ ఫర్వాలేదనుకుంటే అతని ఇమ్మిగ్రేషన్ అంతా చిక్కుల్లో పడుతుంది. లాయర్‌ని అడక్కుండా అతని చేతికి ఏదీ ఇవ్వకు.

డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్తున్నారుగా. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాక్‌ప్యాక్ ప్రయాణానికి వాడకు. అడుగున ఒక్క తూటా దొర్లి ఉండిపోయినా శంషాబాద్‌లో స్కానర్ పట్టుకుంటుంది, ఆ తర్వాత పోలీస్ స్టేషనే. స్లైడైనా, బారెలైనా మన బావమరిదికి చూపిద్దామని కూడా పెట్టెలో వెయ్యొద్దు. ఇండియాలోని 1959 ఆయుధాల చట్టంలో భాగాలు కూడా ఆయుధాలే, పైగా అమెరికా నుంచి లైసెన్స్ లేకుండా ఎగుమతి చేయడమూ నేరమే.

పాత స్లైడ్‌తో కాల్చిన యాభై ఎలా ఉందో, డాట్ విప్పాక ఎలా ఉందో రెండూ వేర్వేరుగా రాసి పంపు. స్క్రూల ఫోటో పక్కన స్కేలు పెట్టి తియ్యి.

ఇట్లు,
మీ మామయ్య,
కేటీ, టెక్సాస్