తడబడుతున్న డాక్టర్‌కి అండగా ఉండాలంటే

అమ్మా,

డిపార్ట్‌మెంట్ హెడ్‌గా చేరిన కొద్ది రోజులకే ఒక సీనియర్ సర్జన్ మీద ఫిర్యాదు వచ్చిందనీ, ఆయనతో ఎలా మాట్లాడాలో తోచడం లేదనీ రాశావు. నీ టెన్షన్ నాకు అర్థమైంది.

ఫిర్యాదు కాగితం మీదికి ఎక్కేసరికే విషయం ముదిరి ఉంటుంది. వార్డుకి అది ఎప్పుడో తెలుసు. రాత్రి డ్యూటీలో ఆయనే ఉన్నా, నర్సు పక్క యూనిట్ డాక్టర్‌కి ఫోన్ చేస్తుంది. ఆయన రౌండ్స్ ముగించి వెళ్ళాక జూనియర్లు డోసు సరైనదేనా అని ఇంకొకరిని అడుగుతారు. కేస్ షీట్లు నువ్వే తెరిచి చూడు. ఒకప్పుడు పేజీ నిండా రాసిన మనిషి ఇప్పుడు రెండు ముక్కలు గీకి వదిలేస్తున్నారా? ఆ మార్పు ఎప్పుడు మొదలైందో తేదీలతో రాసుకో. 'ప్రవర్తన బాగాలేదు' అని రాస్తే ఎందుకూ పనికిరాదు. 'ఫలానా రోజు ఓపీకి 40 నిమిషాలు ఆలస్యం' అని రాస్తేనే దాని గురించి ఆయనతో మాట్లాడగలవు.

పిలిచే ముందు డ్యూటీ చార్ట్ కూడా చూడు. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళ స్థాయికి పడిపోతుందని 1997లోనే పరీక్షించి చూపించారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బర్నౌట్‌ని, అంటే తగ్గని పని ఒత్తిడికి మనిషి పూర్తిగా అలసిపోవడాన్ని, జబ్బుగా కాక, పనిచేసే చోట పుట్టే సమస్యగానే చెప్పింది. తప్పు మన చార్ట్‌లో ఉంటే మనిషిని నిలదీసి ఏం లాభం?

మాట్లాడేటప్పుడు మీరిద్దరే ఉండండి. నైట్ డ్యూటీ దిగిన పొద్దున మాత్రం పిలవకు. నువ్వు చూసింది చెప్పి, 'ఎలా ఉన్నారు?' అని అడిగి, ఆగు. 'బాగానే ఉన్నాను' అంటారు. డాక్టర్లందరం అదే అంటాం. నిద్రమాత్రలు మనకి మనమే రాసుకుంటాం, తోటి డాక్టర్ దగ్గర పేషెంటుగా కూర్చోవడానికి సిగ్గుపడతాం. కాబట్టి ఇంకాసేపు ఓపిక పట్టు. డిప్రెషన్, తాగుడు, థైరాయిడ్, ఇంట్లో కష్టం, కొత్త టెక్నిక్ చేతికి పట్టకపోవడం, పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే కారణం నువ్వే తేల్చేయకు. నువ్వు హెడ్‌వి, ఆయనకి వైద్యం చేసే డాక్టర్‌వి కావు. ఆయనతో రోజూ కలిసి పనిచేయని, బయటి డాక్టర్ దగ్గరికి పంపు.

మాటల్లో నిరాశ వినిపిస్తే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకు, అదే రోజు సైకియాట్రిస్ట్‌కి చూపించు. మత్తుమందు వాడుతున్నారని అనుమానం వస్తే, ముఖ్యంగా అనస్థీషియా వాళ్ళ విషయంలో, మరీ జాగ్రత్త. ముఖం మీద అడిగేసి ఒక్కరినే ఇంటికి పంపిస్తే ఆ రాత్రే ప్రాణం తీసుకునే ప్రమాదం ఉంది. ముందే చికిత్స ఏర్పాటు చేసుకుని, పక్కన ఒకరిని పెట్టుకుని మాట్లాడు.

పేషెంటు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. డ్యూటీలో తాగిన వాసన వచ్చినా, చేయి వణుకుతున్నా ఆ క్షణమే ఆపరేషన్ ఆపించు. చేయి ఎంత మంచిదైనా సరే, నర్సుల మీద అరవడాన్ని 'ఆయన అంతేలే' అని సర్దుకుపోకు. భయపడిన నర్సు, రేపు ఆయన తప్పు వైపు కోత పెడుతున్నా నోరు విప్పదు.

సెలవు తర్వాత తిరిగి వస్తే మొదట్లో రాత్రి డ్యూటీలు వేయకు. కేసులు కొద్దికొద్దిగా పెంచు. ఏ తేదీన కూర్చుని సమీక్షిస్తారో ముందే కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. మిగతావాళ్ళు అడిగితే 'సెలవులో ఉన్నారు' అంటే చాలు, ఆయన జబ్బు గురించి చెప్పే హక్కు నీకు లేదు.

ఫిర్యాదు చేసిన నర్సుని కూడా ఈ వారమే పిలువు. వివరాలు చెప్పలేకపోయినా, తన మాట విన్నామనీ, చర్య మొదలైందనీ, ఆమె మీద ఎవరూ కక్ష సాధించకుండా నువ్వు చూసుకుంటావనీ చెప్పు.

ఆశీస్సులతో,
మీ సార్