మిక్సీ ఉంది, ఈఎంఐలు రెండున్నాయి.. ఫుడ్ ప్రాసెసర్ ఇప్పుడే కావాలా?

ప్రశ్న: ఇంట్లో నలుగురం. దంపతులిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. వంట పని తేలికవుతుందని 16 అటాచ్‌మెంట్లున్న ఫుడ్ ప్రాసెసర్‌ను కార్డు మీద 6 నెలల నో కాస్ట్ ఈఎంఐకి తీసుకుందామనుకుంటున్నాం. మిక్సీ ఉంది. ఫోన్, వాషింగ్ మెషిన్ ఈఎంఐలు నడుస్తున్నాయి. ఫోన్‌ది 3 నెలల్లో తీరిపోతుంది. ఖాతాలో పదిహేను రోజుల ఖర్చులకు సరిపడా డబ్బుంటుంది. అత్యవసరమైతే క్రెడిట్ కార్డు లిమిట్ ఎలాగూ ఉంది. ఏ మోడల్ మంచిది? - ఒక పాఠకురాలు

జవాబు: మోడల్ సంగతి తర్వాత చూద్దాం. ‘లిమిట్ ఎలాగూ ఉంది’ అన్నారు చూడండి, ఈ ధీమా చాలా ఇళ్లలో ఉంది. అందుకే మీ ప్రశ్న తీసుకున్నాను.

లిమిట్ మీ డబ్బు కాదు. దాన్ని ఎప్పుడైనా తగ్గించే హక్కు బ్యాంకుకు ఉంటుంది. జీతం ఆగి వాయిదాలు తప్పడం మొదలైతే ముందు దానికే కోత పడొచ్చు. పైగా కార్డు మీద ఈఎంఐ పెట్టగానే వస్తువు ధర మొత్తం లిమిట్‌లో బ్లాక్ అవుతుంది, మీరు కట్టేకొద్దీ తిరిగొస్తుంది. ఇక మిగిలిన లిమిట్‌తో ఆసుపత్రి బిల్లు కట్టి, తర్వాత మినిమమ్ డ్యూ (బిల్లులో ఆ నెల కనీసం కట్టాల్సిన మొత్తం) మాత్రమే చెల్లిస్తూ పోయారనుకోండి. నెలకు 3 శాతం చొప్పున వేసుకున్నా చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. పాత బాకీ తీరేదాకా, కార్డు మీద కొత్తగా ఏది కొన్నా సాధారణంగా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. దీన్ని అత్యవసర నిధి అని ఎలా అంటాం?

నో కాస్ట్ అన్న మాటనూ నమ్మకండి. నగదు ఇస్తే 5 శాతం తగ్గించే దుకాణంలో ఆ తగ్గింపు వదులుకుని 6 నెలల వాయిదాలకు వెళ్తే, మీరు ఏడాదికి దాదాపు 18 శాతం వడ్డీ కడుతున్నట్టే. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. దీనికి బదులు పర్సనల్ లోన్ తీసుకుందామన్న ఆలోచన ఉంటే అదీ ఇక్కడే వదిలేయండి.

ముందు నిధి సంగతి చూడండి. అద్దె, సరుకులు, ఫీజులు, బీమా ప్రీమియంతో పాటు వాషింగ్ మెషిన్ ఈఎంఐని కూడా నెల ఖర్చులో కలిపి లెక్కేయండి. 6 నెలల ఖర్చు మీ గమ్యం, ఒక నెల ఖర్చు మొదటి మజిలీ. ఫోన్ ఈఎంఐ తీరగానే అదే మొత్తం అదే తేదీన వేరే పొదుపు ఖాతాలోకి ఆటో డెబిట్‌లో వెళ్లేలా పెట్టండి. ఆ ఖాతా డెబిట్ కార్డును పర్సులో పెట్టుకోవద్దు. ఒక నెల ఖర్చు నిండాక, ఆ వాయిదాలో సగం నిధికే వదిలేసి, మిగతా సగం ఫుడ్ ప్రాసెసర్ కోసం దాచండి. ఇద్దరి సంపాదన మీద నడిచే ఇల్లు కాబట్టి ఇద్దరికీ టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉండాలి.

డబ్బు పోగయ్యాక కొనేటప్పుడు అటాచ్‌మెంట్లు లెక్కపెట్టకండి. ఎస్ ఆకారపు బ్లేడు, ముక్కలు కోసే డిస్క్, తురిమే డిస్క్, పిండి కలిపే బ్లేడు. రోజువారీ వంటకు ఈ నాలుగూ చాలు. మిగతావి ఎక్కువగా అటక మీదే ఉంటాయి. మిక్సీ ఉందంటున్నారు కాబట్టి గ్రైండింగ్ జార్లతో వచ్చే సెట్‌కు డబ్బు రెండోసారి పెట్టినట్టే. అయితే మిక్సీని అమ్మేయకండి. ప్రాసెసర్ పెద్ద బౌల్‌లో మెత్తటి ముద్ద రాదు, పలుకుగానే ఉండిపోతుంది.

నలుగురికి 2 నుంచి 3 లీటర్ల బౌల్, 600 నుంచి 800 వాట్ల మోటారు సరిపోతాయి. వాట్లు మోటారు లాగే కరెంటును చెబుతాయి తప్ప బ్లేడు బలాన్ని కాదు. కాబట్టి 1000 వాట్లని చెప్పి ధర పెంచితే తొందరపడకండి. బౌల్ మీద ద్రవాలకు వేరే గీత ఉంటుంది, అది పూర్తి కొలతకు చాలా కింద ఉంటుంది. ఆ గీత దాటితే మధ్యలో ఉన్న గొట్టంలోంచి నీరు మోటారు వైపు దిగుతుంది. పిండి ఎక్కువ వేసి ఆగకుండా తిప్పితే ఓవర్‌లోడ్ స్విచ్ పడిపోతుంది. అప్పుడు ప్లగ్ తీసి, 20 నిమిషాలు చల్లారనిచ్చి, అడుగున బటన్ ఉంటే దాన్ని నొక్కి మళ్లీ వేయండి.

మోటారు కంటే ముందు పోయేది ప్లాస్టిక్. మూతకున్న చిన్న కొక్కెం లాక్‌లో పడితేనే యంత్రం తిరుగుతుంది. అది విరిగితే మోటారు బాగున్నా మెషిన్ స్టార్ట్ కాదు. మరుగుతున్న పదార్థాలు పోస్తే బౌల్ పగుళ్లిస్తుంది, మోటారును బ్లేడుకు కలిపే కప్లర్ పళ్లు అరుగుతాయి. పెద్ద అక్షరాల్లో రాసే మోటారు వారంటీ సాధారణంగా వీటికి వర్తించదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నా షరతుల్లో ప్లాస్టిక్ భాగాలు ఉన్నాయో లేదో చూడండి. డబ్బు కట్టే ముందు బౌల్, మూత, కప్లర్ విడిగా దొరుకుతాయా, ఎంతకు దొరుకుతాయి అని సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేసి అడగండి. బౌల్, మూత కలిపి యంత్రం ధరలో మూడో వంతు దాటితే ఆ మోడల్ వద్దు.