‘తొంభై శాతం అయిపోయింది సార్!’

ప్రశ్న: పదేళ్లు డెవలపర్‌గా చేసి, ఆరు నెలల క్రితం ప్రాజెక్టు మేనేజర్‌నయ్యాను. టీమ్‌లో తొమ్మిది మంది. ఎప్పుడడిగినా ‘తొంభై శాతం అయిపోయింది’ అంటారు. మూడు వారాలయ్యాక అడిగినా అదే తొంభై. క్లయింటు దగ్గర మాట పడేది నేను. ఇంకో ముగ్గురిని ఇస్తామని పైవాళ్లు అంటున్నారు. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: గడువు నెలా రెండు నెలల్లో ఉంటే వద్దనే చెప్పండి. తొమ్మిది మందిలో ఇద్దరిద్దరు మాట్లాడుకునే జతలు 36. పన్నెండు మందైతే అవి 66. కొత్తవాళ్లకు కోడ్ చూపించి, సందేహాలు తీర్చాల్సింది ఇప్పుడు పనిలో మునిగి ఉన్నవాళ్లే. కాబట్టి మొదట్లో పని వెనక్కే నడుస్తుంది.

ఇక ఆ తొంభై. మీవాళ్లు అబద్ధమాడుతున్నారనుకోకండి. రాసిన కోడ్ కళ్ల ముందుంటుంది, రాయనిది కనిపించదు. పేమెంట్ పేజీనే తీసుకోండి. ఫారం, కార్డు నంబరు తనిఖీ, బ్యాంకు చెల్లింపులు జరిపే గేట్‌వేతో కలపడం అయ్యేసరికి పని దాదాపు అయిపోయినట్టే ఉంటుంది. ఖాతాలో డబ్బు కట్టయి ఆర్డరు పడకపోతే ఏం చేయాలన్నది మాత్రం మిగిలే ఉంటుంది. వారాలు తినేది అదే.

అందుకే శాతాలు అడగడం మానేయండి. రెండు రోజులకు మించని ముక్కలుగా పనిని విడగొట్టమనండి. ముక్కకు సున్నా లేదా నూరు, మధ్యలో అంకె లేదు. ఇంకొకరు కోడ్ చూసి, టెస్టులు పాసై, టెస్ట్ సర్వర్‌లో నడిస్తేనే నూరు. విడగొట్టే పని కూడా చేసేవాళ్లకే వదలండి. పాత అలవాటుకొద్దీ మీరే కూర్చుని ముక్కలు చేస్తే అవి మీ అంచనాలవుతాయి, వాళ్లవి కావు.

రోజూ పావుగంట మీటింగ్ చాలు. అందులో ‘ఎంతయింది’ అనకుండా ‘దేనికోసం ఆగారు’ అని అడగండి. ‘ఇది శుక్రవారానికి కాదండీ’ అని మొదట నోరు విప్పినవాణ్ణి అందరి ముందూ నిలదీశారో, మర్నాటి నుంచి మళ్లీ తొంభైలే వినబడతాయి. ఏది వాయిదా వేస్తే కుదురుతుందో అతణ్ణే అడిగి, క్లయింటుకు అదే రోజు చెప్పేయండి.

మాట పడటం ఈ కుర్చీతో వచ్చేదే. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టర్ కలాం. విలేకరుల ముందు బాధ్యత నెత్తినేసుకున్నది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు విలేకరులతో మాట్లాడమని కలాంనే పంపారు. క్లయింటు కాల్‌లో ‘ఫలానా అతను ఆలస్యం చేశాడు’ అనబోయేటప్పుడు ఈ రెండు తేదీలూ గుర్తు చేసుకోండి.

ప్రశ్న: నా టీమ్‌లో ఒకాయన నాకంటే ఏడేళ్లు సీనియర్. మీటింగుల్లో నా మాట కొట్టిపారేస్తారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: డిజైన్ నిర్ణయాలు ఆయనవని, ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది మీదని ఒక్క కాగితం మీద రాసి ఇద్దరూ ఒప్పుకోండి. సాంకేతిక విషయాల్లో ఆయనతో పోటీకి దిగకండి. తేడా వస్తుందనిపిస్తే ముందు రోజే విడిగా కూర్చుని ‘మీరేమంటారండీ?’ అని అడగండి. అలా అడిగాక కూడా మీటింగ్‌లో తీసిపారేస్తుంటే, ఆ కాగితంతోనే మీ పైఅధికారి దగ్గరికి వెళ్లండి.