చీమలు తెగులు కాదు, ఆ కన్నాలు పురుగు తొలిచినవీ కావు

ప్రశ్న: కడియపులంక దగ్గర మాకు చిన్న నర్సరీ ఉంది. నిరుడు 200 పిచ్చర్ మొక్కలు (ఆకు చివర కూజాలు కట్టేవి), 20 చీమల మొక్కలు (హైడ్నోఫైటం, దుంపలా ఉబ్బి ఉండేవి) తెచ్చాను. రెండు నెలలుగా పిచ్చర్ మొక్కలకు కొత్త కూజాలు రావడం లేదు. ఉన్నవి మూత దగ్గర్నుంచి ఎండిపోతున్నాయి, ఆకుల అంచులు మాడుతున్నాయి. కూజాల నిండా చీమలే. షాపులో చూపిస్తే చీమల వల్లే అని క్లోరిపైరిఫాస్ పురుగుమందు ఇచ్చారు, బలానికి 19-19-19 ఎరువు లీటరుకు 5 గ్రాములు కలిపి వారానికోసారి పోయమన్నారు. చీమల మొక్క దుంపలకు కన్నాలు పడితే పురుగుమందు గుళికలు వేసి మట్టితో మూసేశాను. ఇంకా ఏం మందు కొట్టాలి సార్? మొక్కల ఫోటోలు పంపుతున్నాను.

జవాబు: ఇంకేమీ కొట్టకండి. ఇప్పటికే కొట్టినదే ఎక్కువైంది. మీ మొక్కలకు తెగులు లేదు, పురుగు లేదు. ఉన్నదల్లా కుండీలో పేరుకున్న ఉప్పు. సగం మీ బోరు నీటి నుంచి వచ్చింది, మిగతా సగం షాపువాళ్లు ఇచ్చిన ఎరువు సంచిలోంచి వచ్చింది.

పిచ్చర్ మొక్క సారం లేని నేలలో బతకడానికి అలవాటు పడ్డది. కూజా అంచున తేనె ఊరుతుంది, దానికోసం చీమలు వస్తాయి, జారి లోపల పడతాయి, మొక్క వాటిని అరిగించుకుని నత్రజని తీసుకుంటుంది. అంటే మీరు చంపుతున్నది దాని భోజనాన్ని! పైగా వేరు దగ్గర నత్రజని పుష్కలంగా దొరికితే ఈ మొక్క కూజాలు కట్టడం తగ్గించేస్తుంది, ఆకులు మాత్రం పెంచుతుంది. కూజాల కోసమే కొనే మొక్కకు కూజాలు రాకుండా చేసే ఎరువును వారం వారం పోశారన్నమాట. ఆ షాపాయనకు వరి తెలుసు, మిరప తెలుసు, ఈ మొక్కను ఆయన ఎప్పుడూ పెంచి ఉండడు. తెలియదని చెప్పి ఉంటే బాగుండేది.

ముందు 19-19-19 ఆపండి, మూడు నెలల దాకా ఏ ఎరువూ వద్దు, వర్మీకంపోస్టు కూడా వద్దు. తర్వాత టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన ఉప్పును కొలిచేది) ఒకటి కొనండి. పెద్ద ఖర్చేమీ కాదు, మీరు ఇప్పటిదాకా మందులకు పెట్టినదాని ముందు అసలు లెక్కలోకే రాదు. నన్ను అడిగే నర్సరీ రైతుల్లో పదిమందిని కదిపితే నీరు కొలిచినవాళ్లు ఒక్కరు కూడా దొరకరు, అందరూ మందు పేరే అడుగుతారు, నాకు అదే బాధ. పిచ్చర్ మొక్కకు 50 పీపీఎం (లీటరుకు 50 మిల్లీగ్రాముల ఉప్పు) లోపు నీరు మంచిది, 100 దాకా ఓర్చుకుంటుంది. డెల్టాలో బోరు నీరు చాలాచోట్ల దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. వాన నీరు పట్టుకోండి. 100 చదరపు మీటర్ల పాలిథీన్ కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1000 లీటర్లు వస్తుంది. వాన చాలకపోతే ఆర్‌వో నీరు కొనండి, కానీ ప్లాంటువాళ్లు బయటకు వదిలేసే వృథా నీరు ఊరికే ఇస్తామన్నా తెచ్చుకోవద్దు, ఉప్పంతా దాంట్లోనే ఉంటుంది.

ఆ మంచి నీటితో 6 అంగుళాల కుండీకి 5 లీటర్ల చొప్పున నెమ్మదిగా పోసి కింద నుంచి పూర్తిగా కారిపోనివ్వండి. నాలుగేసి రోజుల తేడాతో మూడుసార్లు చేయండి. మీ 200 కుండీలకు మొత్తం 3000 లీటర్లు పడుతుంది, ఒక్క మంచి వాన పడితే సరిపోతుంది. మూడోసారి కారిన నీటిని మీటరుతో చూడండి. 100 దాటి ఉంటే కుండీ మిశ్రమం మార్చాల్సిందే. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్ల గుళ్లు) సమపాళ్లలో, కొద్దిగా స్ఫాగ్నం నాచు వేసుకోండి. కోకోపీట్ మన కోనసీమ పీచుదే కదా అని బస్తా విప్పి నేరుగా వాడకండి, ఉప్పు నీటిలో నానిన డొక్కల నుంచి వచ్చినదైతే ఉప్పు నిండా ఉంటుంది. పోసిన నీటి రీడింగూ కారిన నీటి రీడింగూ దాదాపు ఒకటయ్యేదాకా కడగాలి.

ఎండిన కూజాను కోసేయండి, పచ్చగా ఉన్న ఆకును మాత్రం ఉంచండి. కూజా కట్టని ఆకుకు ఇక కూజా రాదు, కొత్త ఆకులకే వస్తుంది, కనీసం రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. ఇంకొకటి, మీ ఫోటోలో షేడ్‌నెట్ రెండు వరుసలు కనిపిస్తోంది. అంత చీకట్లో కూజాలు రావు, 50 శాతం నెట్ ఒక్కటి చాలు.

చీమలు కూజా దగ్గర కాకుండా ఆకు వెనక, చిగుళ్లలో గుంపుగా తిరుగుతుంటే మాత్రం పిండినల్లి ఉందేమో చూడండి, దాని తేనెబంక కోసం వస్తాయి. అప్పుడు కూడా స్ప్రేయర్ ఎత్తొద్దు, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఐదు రోజులకోసారి మూడుసార్లు తుడవండి.

ఇక చీమల మొక్క. కొబ్బరిలో ఎర్రముక్కు పురుగు కన్నానికి మందు పోసి మూసినట్టు దీనికీ చేశారు. మీ ఆలోచన అర్థమైంది, కానీ ఇక్కడ పురుగే లేదు. ఆ దుంప తనంతట తానే లోపల గదులు, బయటికి దారులు చేసుకుంటుంది. చీమ ఒక్కటి కూడా లేనిచోట విత్తనం నుంచి పెంచినా కన్నాలు పడతాయి. ఆగ్నేయాసియా అడవుల్లో ఇది చెట్ల కొమ్మల మీద పెరుగుతుంది, చీమలు ఆ గదుల్లో కాపురం పెడతాయి, అవి వదిలే చెత్తలోంచి మొక్క పోషకాలు పీల్చుకుంటుంది. మీరు పూడ్చింది దాని వంటింటిని.

చేతులకు గ్లౌజులు వేసుకుని మట్టి తీయండి, గుళికలు ఏరి గుంటలో పూడ్చండి, కాలవలో పడేయకండి. దుంప లోపలి దాకా మంచి నీటితో కడిగి, కన్నాలు కిందికి ఉండేలా నీడలో రెండు రోజులు వేలాడదీయండి. నొక్కితే గట్టిగా ఉంటే బతుకుతుంది, మెత్తబడితే దాని మీద ఆశ వదులుకోండి. కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు కలిపి నాటండి, పైన ఆరాకే నీరు పోయండి. చీమలు వచ్చి చేరితే చేరనివ్వండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. ఆ 200 మొక్కలు ఏ రకమో బిల్లులో రాసి ఉందా? మనదేశంలో సహజంగా పెరిగే పిచ్చర్ మొక్క నెపంథిస్ ఖాసియానా ఒక్కటే, మేఘాలయలో గారో, ఖాసి, జయంతియా కొండల్లో ఉంటుంది. అడవిలోంచి పీకి పీకి దాన్ని అంతరించే స్థితికి తెచ్చారు. 1972 వన్యప్రాణి చట్టం కింద లైసెన్సు లేకుండా దాన్ని పెంచడం, అమ్మడం నేరం. మామూలుగా నర్సరీల్లో తిరిగేవి సంకర రకాలు, వాటితో ఈ చిక్కు లేదు, కొమ్మ ముక్కలతో మీరే పెంచుకోవచ్చు. ఎవరైనా అడవి మొక్క అని గొప్పగా చెప్పి, వేళ్లకు కొండ మట్టితో తెచ్చి ఇస్తే తీసుకోకండి. పురుగులు తినే మొక్క కోసం అంత దూరం పోనక్కర్లేదు కూడా, మన చెరువుల్లో, వరి మడుల నీళ్లలో నాచులా తేలుతూ పసుపు పూలు పూసే యుట్రిక్యులేరియా ఉంది, చిన్న చిన్న తిత్తులతో నీటి పురుగులను పట్టి తింటుంది. మీ చుట్టుపక్కల ఎక్కడైనా మిగిలి ఉంటే ఆ గుంటలో కలుపు మందు పడకుండా చూడండి.

మీటరు కొన్నాక బోరు నీరు, కాలవ నీరు, వాన నీరు మూడింటి రీడింగులూ, ఆకు వెనక వైపు ఫోటో, కొన్న బిల్లు పంపండి. అప్పటిదాకా మందుల షాపుకు వెళ్లకండి.